విదేశ ద్రవ్య స్వీకరణము: తుమ్మలపల్లె పరిసర పట్టణముల అంతర్జాల వర్తకము

ఒక దేశమున నుండి అంతర్జాలము ద్వారా వేఱొక దేశపు కొనుగోలుదారునకు సరకునో సేవనో విక్రయించు వర్తకుడు, ఆ కొనుగోలుదారుడు తన దేశపు నాణెమున చెల్లించిన ధనమును గ్రహించి, దానిని స్వదేశ నాణెముగా మార్పించి, తన ఖాతాకు జమ చేయించుకొనుటకై ఆశ్రయించు సంస్థలును పద్ధతులును కలిసి బహునాణెక చెల్లింపు వ్యవస్థ యనబడును. వ్యవహారమున వీనిని పేమెంట్ గేట్‌వేలనియు, పేమెంట్ అగ్రిగేటర్లనియు పిలుతురు. కడప జిల్లాలో తుమ్మలపల్లెకు పరిసరములందున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో చీరలు నేయించువారు మొదలుకొని సాఫ్ట్‌వేరు వ్రాయువారి వరకు ఇట్టి వ్యవస్థ యవసరము గలవారు పలువురు కలరు. వీరందఱు అడుగు ప్రశ్న యొక్కటే: వీనిలో ఏది చౌక? ఈ ప్రశ్నకు ఒక సంస్థ పేరు సమాధానము కానేరదు. అమ్మకపు మొత్తమెంత, కొనువాడు ఏ దేశమున నున్నాడు, వచ్చిన ధనము ఎగుమతి రాబడి యని నిరూపించు పత్రము చేతికి వచ్చునా అను మూడింటిని బట్టియే చౌకదనము నిర్ణయింపబడును. ఒకరికి చౌకయైన మార్గము పొరుగు దుకాణమువానికి నష్టహేతువు కావచ్చును.

ప్రాంతము, పణ్యములు

తుమ్మలపల్లె వేముల మండలమునందలి గ్రామము. భారత యురేనియం సంస్థ వారి గనియు, ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారమును 2012లో ఇచట పని నారంభించినవి. ఆ ఖనిజము దేశపు అణుశక్తి అవసరములకు పోవునే కాని బజారునకు రాదు; కావున ఈ వ్యాసమునకు విషయమైన వర్తకము చుట్టుపట్ల పట్టణములది.

ప్రొద్దుటూరు పెన్నానదీ ప్రాంతమున వెలసిన వాణిజ్య పట్టణము. 1915లో పురపాలక సంఘమును పొందిన ఈ పట్టణమునకు బంగారు వ్యాపారము వలనను, వస్త్ర వ్యాపారము వలనను రెండవ బొంబాయి యను వాడుక పేరు కలిగినది. జమ్మలమడుగు, మైలవరము ప్రాంతములందు మగ్గములు కలవు. యెఱ్ఱగుంట్ల, ముద్దనూరు వైపు త్రవ్వి తీయు నాపరాళ్లు కడప బండలను పేరిట దూరదేశములకు పోవుచున్నవి. జమ్మలమడుగునకు సమీపముననే పెన్న కొండలను చీల్చుకొని పాఱు గండికోట యుండుటచే, యాత్రికులకు బస యమర్చువారును విదేశీయుల నుండి ముందస్తు సొమ్ము స్వీకరింపవలసి వచ్చుచున్నది. పులివెందుల ప్రాంతము చీనీ తోటలకును అరటి తోటలకును ప్రసిద్ధము. ఈ సీమ అరటి సముద్రము దాటుట క్రొత్త గాదు. 2020 జనవరిలో పొరుగుననున్న తాడిపత్రి నుండి శీతల పేటికలలో అరటిపండ్ల నెక్కించుకొని ఒక ప్రత్యేక రైలు బొంబాయి చేరువనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవునకు పోయెను. పులివెందులలో 2006లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాలయు, ఇడుపులపాయలో 2008లో వెలసిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమును, ఇంటినుండియే పరదేశ సంస్థలకు పని చేసి పెట్టగల యువకులను తయారుచేసినవి.

కొనుగోలుదారులలో ప్రవాసాంధ్రులదే పెద్ద పాలు. కడప జిల్లాకును, దానినుండి 2022 ఏప్రిల్ 4న విడివడిన అన్నమయ్య జిల్లాకును చెందిన జనము పెక్కుమంది కువైటున జీవనోపాధి వెదకికొన్నవారు. అమెరికా, ఆస్ట్రేలియాలలో స్థిరపడిన ఉద్యోగులు మఱియొక తెగ. మొదటివారు నెలజీతము నుండి మిగిల్చి కొందురు. రెండవవారు క్రెడిట్ కార్డుపై కొందురు. చెల్లింపు మార్గమును ఎన్నుకొనునప్పుడు ఈ భేదము మిక్కిలి ముఖ్యము.

చరిత్ర

గల్ఫు తీరమునకును రూపాయికిని గల సంబంధము పురాతనము. ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వరకు కువైటు మొదలగు సంస్థానములలో భారతీయ రూపాయియే చెలామణి యగుచుండెను. బంగారము దొంగరవాణాకు ఆ రూపాయలు సాధనము లగుటను గమనించి, 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశములకై ప్రత్యేకముగా గల్ఫు రూపాయి నోట్లను వెలువరించెను. 1961లో కువైటు తన దినారును ప్రవేశపెట్టి రూపాయిని విడిచెను. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపబడిన పిమ్మట తక్కిన సంస్థానములలో పెక్కు క్రమముగా దానిని విడిచినవి. నాటినుండి కువైటున సంపాదించి కడపకు పంపు ప్రతి కాసును ఒకసారి మారకపు దుకాణము గడప త్రొక్కవలసినదే.

విదేశ ద్రవ్యముపై అత్యంత కఠినమైన 1973 నాటి నియంత్రణ చట్టమునకు బదులుగా 1999లో విదేశ మారక నిర్వహణ చట్టము, వాడుకలో ఫెమా యనబడునది, చేయబడి 2000 జూన్ 1 నుండి అమలునకు వచ్చెను. అంతర్జాలపు చిల్లర ఎగుమతులు ఈ చట్టపు నీడనే పెరిగినవి. అయినను ఆదిలో వీనికి ప్రత్యేక నిబంధన లేకుండుటచే 2010 ఫిబ్రవరిలో పేపాల్ సంస్థ భారతదేశమునకు పంపకములను కొంత నిలిపివేయగా చిన్న ఎగుమతిదారులు చిక్కులపాలైరి. అదే సంవత్సరము నవంబరులో రిజర్వు బ్యాంకు, ఇట్టి సంస్థలు భారతీయ బ్యాంకులతో ఒడంబడిక చేసికొని ఎగుమతి ధనమును స్వీకరింపవచ్చునని అనుమతించి, ఒక్కొక్క లావాదేవీకి 500 డాలర్ల పరిమితిని విధించెను. ఆ పరిమితి 2011లో 3,000 డాలర్లకును, 2013లో 10,000 డాలర్లకును పెంచబడెను. 2021 ఏప్రిల్ 1 నుండి పేపాల్ స్వదేశపు చెల్లింపులను మానుకొని, భారతదేశమున విదేశ రాబడికి మాత్రమే పరిమితమయ్యెను.

2023 అక్టోబరు 31న రిజర్వు బ్యాంకు ఈ యేర్పాటును మార్చి, సరిహద్దులు దాటు చెల్లింపులను నడుపు అగ్రిగేటర్లను నేరుగా తన అనుమతి క్రిందికి తెచ్చెను. ఒక వస్తువుకో సేవకో గరిష్ఠముగా 25 లక్షల రూపాయల వరకు ఈ మార్గమున చెల్లింపు చేయవచ్చునని నాడు నిర్ణయించెను. 2024 జూలైలో ఈ యనుమతిని పొందిన తొలి సంస్థలలో క్యాష్‌ఫ్రీ యొకటి. 2025 సెప్టెంబరు 15న అగ్రిగేటర్ల నియమములన్నియు ఒకే ప్రధాన నిర్దేశముగా కూర్చబడినవి. కావున ఒక సంస్థను ఆశ్రయింపబూనువాడు, రుసుము నడుగుటకు ముందే, దానికి సరిహద్దు దాటు చెల్లింపులకు అనుమతి కలదా, లేక అనుమతి గల బ్యాంకుతో ఒడంబడిక కలదా యని విచారింపవలెను.

ధనము నడచు త్రోవ

డల్లాసు నగరమున నున్న గృహిణి ప్రొద్దుటూరి దుకాణపు వెబ్‌సైటున ఒక పట్టుచీర నెన్నుకొని తన కార్డు సంఖ్య నిచ్చినదనుకొందము. ఆ సమాచారము గేట్‌వే ద్వారా దుకాణదారుని పక్షమున నున్న బ్యాంకునకును, అటనుండి వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు వ్యవస్థకును, అటనుండి ఆమెకు కార్డు నిచ్చిన బ్యాంకునకును చేరును. ఆ బ్యాంకు సమ్మతించినచో సమ్మతి అదే త్రోవన క్షణములలో వెనుకకు వచ్చును. ధనము మాత్రము కొన్ని దినములకు గాని రాదు. త్రోవలోని ప్రతివాడును తన పాలు తీసికొనును: కార్డు నిచ్చిన బ్యాంకునకు దక్కు భాగము పెద్దది, కార్డు వ్యవస్థ రుసుము చిన్నది, మిగిలినది గేట్‌వే లాభము. దుకాణదారునకు కనబడునది ఈ మూడింటి మొత్తమే.

స్వదేశమున యూపీఐ ద్వారా వచ్చు చెల్లింపులకు 2020 జనవరి నుండి వర్తకుడు కమీషను చెల్లింప నవసరము లేదు. వ్రాలిన రూపాయి వ్రాలినట్లే జమ యగుటకు అలవాటు పడిన వ్యాపారికి, విదేశపు కార్డుపై నూటికి మూడో నాలుగో పోవుట అన్యాయముగా తోచుట సహజమే కాని, ఆ త్రోవకును ఈ త్రోవకును పోలికయే లేదు.

వ్యయ స్వరూపము

విదేశ ద్రవ్య స్వీకరణమున వ్యయము నాలుగు రూపములుగా నుండును. అమ్మకపు మొత్తముపై శాతముగా తీయునది మొదటిది. ప్రతి లావాదేవీకి నిర్ణీతముగా తీయునది రెండవది. మారకమున తీయు వట్టము మూడవది. వీనిపై ప్రభుత్వమునకు చెల్లు వస్తు సేవల పన్ను (జీఎస్‌టీ) నాల్గవది. ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడునది మొదటిది మాత్రమే. మూడవది కనబడకుండ పోవును. ఏలయన, అది రుసుముగా గాక, బజారు రేటుకంటె తక్కువ రేటున మార్చుట చేత వసూలగును.

లెక్కకై డాలరునకు బజారున 90 రూపాయలనియు, చీర వెల 100 డాలర్లనియు గ్రహింతము. ఒక సంస్థ నూటికి 4.4 వంతునను, దానిపై 30 సెంట్లును రుసుము గైకొని, మారకమున నూటికి 3 వంతున వట్టము తీయుననుకొన్నచో, 100 డాలర్లలో 95 డాలర్ల 30 సెంట్లు మిగిలి, అవి రూపాయలుగా మారునప్పటికి సుమారు 8,320 అగును. 9,000 రూపాయలు రావలసిన చోట 680 రూపాయలు పోయినవి. అనగా ప్రకటించిన 4.4 శాతము వాస్తవమున ఏడున్నర శాతమును దాటినది. వేఱొక సంస్థ నూటికి 3 వంతున రుసుమును, ఒక శాతపు వట్టమును మాత్రమే తీసినచో చేతికి వచ్చునది సుమారు 8,643 రూపాయలు. ఒక్క చీరపై భేదము 323 రూపాయలు. నెలకు ఇట్టి చీరలు నూఱు పంపు నేతయింటికి ఇది ఒక పనివాని జీతమునకు సమానమగును.

జీఎస్‌టీ రెండు విధములుగా పడును. రుసుముపై 18 శాతము స్పష్టముగా నుండును. మారకముపై పన్ను లెక్క విచిత్రమైనది: లక్ష రూపాయల లోపు మార్చిన మొత్తములో నూటికి ఒక వంతు, కనీసము 250 రూపాయలు, సేవ విలువగా భావింపబడి, దానిపై 18 శాతము పన్ను విధింపబడును. అందుచే ఎంత చిన్న మొత్తమును మార్చినను 45 రూపాయలకు తక్కువ పన్ను పడదు. చిన్న చిన్న మొత్తములను వేఱువేఱుగా మార్పించుటకంటె కూడబెట్టి మార్పించుట ఈ లెక్కన లాభకరము. జీఎస్‌టీ నమోదు గలవాడు తాను చెల్లించిన ఈ పన్నులను తిరిగి జమ చేసికొనవచ్చును. నమోదు లేనివానికి ఇవి నికరముగా ఖర్చే.

మార్గ భేదములు

మొదటి మార్గము కార్డులను స్వీకరించు గేట్‌వే. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, 2001లో మొదలైన సీసీఎవెన్యూ ఈ తెగకు చెందినవి. వెబ్‌సైటు గల దుకాణమునకు ఇవి యనుకూలములు. వెలను డాలర్లలోనో దినార్లలోనో చూపి, ధనమును రూపాయలలో జమ చేయును. రెండవది పేపాల్ వంటి ఖాతా. అమెరికా కొనుగోలుదారులకు దానిపై నమ్మకము మెండు. కార్డు సంఖ్యను ఎఱుగని దుకాణమున కీయ సంకోచించువారు దానిద్వారా కొందురు. ఆ నమ్మకపు వెలయే దాని యధిక రుసుము.

మూడవది బ్యాంకు నుండి బ్యాంకునకు పంపు తంతి బదిలీ. 1973లో స్థాపితమైన స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా సందేశము పోవును. పంపు బ్యాంకునకును పుచ్చుకొను బ్యాంకునకును నేరుగా సంబంధము లేనిచో నడుమ మఱియొక బ్యాంకు చేరి తన రుసుమును ఆ మొత్తము నుండియే తీసికొనును. ఇచట శాతము లేదు, నిర్ణీత వ్యయము కలదు. నాల్గవది కొనుగోలుదారుని దేశముననే వర్తకుని పేరిట స్వీకరణ ఖాతా సంఖ్య నిచ్చు పద్ధతి. 2005లో ప్రారంభమైన పేయోనీర్ ఈ తెగలో ప్రసిద్ధము. అమెరికా సంస్థ తన దేశములోని ఖాతాకు పంపినట్లే చౌకగా పంపును. ఆ పిమ్మట అది మార్పబడి కడపకు చేరును. పులివెందుల యువకుడు నెలకొకసారి జీతమువలె పుచ్చుకొను సాఫ్ట్‌వేరు పనికి ఇది సరిపడును. నూఱుమంది వేఱువేఱు గృహిణులకు నూఱు చీరలమ్ము దుకాణమునకు సరిపడదు.

తంతికిని కార్డునకును హద్దు ఎచట నున్నదో లెక్కించి చూడవచ్చును. తంతి బదిలీకి అన్ని బ్యాంకుల రుసుములు కలిపి 20 డాలర్లనియు, కార్డు రుసుము నూటికి 3 వంతున ననియు, ఇరుచోట్ల మారకపు వట్టము సమానమనియు గ్రహించినచో, సుమారు 667 డాలర్ల యొద్ద రెండును సమములగును. 100 డాలర్ల చీరకు తంతి పంపిన అయిదవ వంతు త్రోవలోనే కరగిపోవును. 5,000 డాలర్ల కడప బండలకు కార్డు వాడిన 150 డాలర్లు రుసుముగా పోవును, తంతికైనచో 20 డాలర్లతో తీరును. ప్రతి వ్యాపారియు తన బ్యాంకు చెప్పు అంకెలతో ఈ హద్దును తానే కట్టుకొనవలెను.

కువైటు ప్రత్యేకత

కడప జిల్లా వ్యాపారికి డాలరెంతయో దినారును అంత ముఖ్యము. కువైటు దినారు వేయి ఫిల్సులు. అందుచే దాని వెలలను దశాంశ బిందువునకు పిమ్మట మూడు స్థానములు వ్రాయవలెను. రెండు స్థానములకే యలవాటు పడిన వెబ్‌సైటులు పన్నెండున్నర దినారులను పొరపాటున పదింతలుగానో పదవ వంతుగానో గ్రహించు ప్రమాదము కలదు. గేట్‌వే దినారును స్వీకరించునని ప్రకటించినంత మాత్రమున చాలదు. ఒక చిన్న మొత్తముతో పరీక్షించి చూచుట యావశ్యకము.

కువైటున నిత్యవ్యవహారపు కార్డు చెల్లింపులు చాలవరకు కేనెట్ అను దేశీయ డెబిట్ కార్డు వ్యవస్థపై నడచును. అది 1992లో ఆ దేశపు బ్యాంకులచే స్థాపితము. కేనెట్‌ను స్వీకరింపని దుకాణమునకు, క్రెడిట్ కార్డు లేని శ్రామికుడు కొనుగోలుదారుడు కానేకాడు. యూపీఐ సౌకర్యమును ప్రవాస భారతీయుల విదేశపు ఫోను సంఖ్యలకు విస్తరింపజేయుచు 2023 జనవరిలో జాతీయ చెల్లింపుల సంస్థ ప్రకటించిన తొలి పది దేశములలో ఒమాన్, ఖతార్, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు ఉన్నవి కాని, కువైటు లేదు. ఆ నాలుగు గల్ఫు దేశములలోని తెలుగువారు తమ ఎన్నారై ఖాతానుండి రూపాయలలోనే చెల్లింపగలిగినను, కడపవారు మిక్కుటముగా నున్న దేశమునకే ఆ సౌకర్యము ఆదిలో అందలేదు.

మఱియొక విశేషము గమనింపదగినది. కువైటున నున్నవాడు సొమ్ము చెల్లించి, చీరను రాయచోటిలోని తన యింటికి పంపుమన్నచో, అది ఎగుమతి కాదు. సరకు దేశము దాటలేదు. అట్టి అమ్మకమును స్వదేశ విక్రయముగా లెక్క వ్రాసి, పన్నును స్వదేశ విక్రయమునకువలె చెల్లింపవలెను. వెస్టర్న్ యూనియన్ వంటి సంస్థలు నడుపు ధన బదిలీ పథకము కుటుంబ పోషణాదులకు ఉద్దేశింపబడినది. ఒక్కసారికి 2,500 డాలర్లు, సంవత్సరమునకు 30 పర్యాయములు దాని పరిమితి. వర్తకపు రాబడిని ఆ మార్గమున పుచ్చుకొనరాదు. హవాలా రేటు ఆకర్షణీయముగా కనబడినను అది చట్టవిరుద్ధము. అటులవచ్చిన ధనమునకు పత్రముండదు, పత్రము లేని ధనము ఎగుమతి రాబడి యనిపించుకొనదు.

శాసనము, పత్రములు

విదేశములకు సరకు పంపువానికి విదేశ వాణిజ్య డైరెక్టరేటు వారి ఎగుమతి దిగుమతి సంఖ్య యవసరము. దీనికి రుసుము 500 రూపాయలు. పాన్ సంఖ్యయే ఇప్పుడు ఆ సంఖ్యగా నుండును. 2023 మార్చి 31న ప్రకటితమైన విదేశ వాణిజ్య విధానము, కొరియరు ద్వారా పంపు ఒక్కొక్క సరకు విలువ పరిమితిని 5 లక్షల నుండి 10 లక్షలకు పెంచెను. తపాలా ద్వారా పంపువారికి డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రము లేర్పడి, ఎగుమతి బిల్లును వ్రాసికొనుటకు తోడ్పడుచున్నవి.

ఎగుమతులు జీఎస్‌టీ చట్టమున సున్నా రేటు క్రిందికి వచ్చును. పన్ను కట్టకుండ పంపదలచినవాడు ప్రతి ఆర్థిక సంవత్సరమును పూచీపత్రమును దాఖలు చేయవలెను. పిమ్మట ధనము నిజముగా విదేశము నుండి వచ్చినదని చూపుటకు బ్యాంకు ఇచ్చు విదేశ ఆగమన పత్రము ముఖ్యము. దీనిని ఎఫ్ఐఆర్‌సీ, ఎఫ్ఐఆర్‌ఏ అను సంక్షిప్త నామములతో పిలుతురు. ప్రతి రాబడికిని పర్పస్ కోడు, అనగా ధనమేల వచ్చినదో తెలుపు సంఖ్య, వ్రాయబడవలెను. దానిని తప్పుగా వ్రాసిన పిమ్మట సరిదిద్దుట ప్రయాసకరము. 2014 నుండి ఎగుమతుల లెక్క ఈడీపీఎంఎస్ అను వ్యవస్థలో నమోదగుచున్నది. పంపిన సరకుకు సరియైన రాబడి అందు జతపడనిచో ఆ బిల్లు తెఱచియే యుండి, ఎగుమతిదారునకు బ్యాంకు నుండి తాఖీదులు వచ్చును. రాబడి వచ్చుటకు చిరకాలము తొమ్మిది మాసములుగా నున్న గడువు 2025 నవంబరులో పదునైదు మాసములకు పెంచబడెను.

బహునాణెకమను మాటకు ఈ దేశమున ఒక పరిమితి కలదు. చెల్లింపు సంస్థ ఖాతాలలో డాలర్లను, యూరోలను, దినార్లను దాచుకొని రేటు పెరిగినప్పుడు మార్చుకొందమను ఆశకు చట్టము తావీయదు. గేట్‌వేలు రాబడిని నిర్ణీత కాలములో రూపాయలుగా జమ చేయును. విదేశ ద్రవ్యమును కొంతకాలము విదేశ ద్రవ్యముగానే యుంచుకొనదలచినవాడు తన బ్యాంకులో వడ్డీ లేని ఈఈఎఫ్‌సీ ఖాతాను తెఱచుకొనవచ్చును. అందలి నిలువ సైతము, వాడుకొనగా మిగిలినది, వచ్చిన నెలకు మఱుసటి నెల ముగియులోపల రూపాయలుగా మార్పవలసినదే. దారమునో యంత్రమునో విదేశము నుండి దిగుమతి చేసికొను నేతవ్యాపారికి ఈ ఖాతా ప్రయోజనకరము. ఇరుమాఱులు మారకపు వట్టమిచ్చుట తప్పును. తక్కినవారికి అది అక్కఱలేదు.

వివాదములు, నష్టభయము

కార్డుపై వచ్చిన ధనము జమయైనంతనే స్థిరమైనట్లు కాదు. సరకు చేరలేదనియో, చూపిన రంగు వేఱు వచ్చినదనియో, అసలు తాను కొననేలేదనియో కార్డు సొంతదారు తన బ్యాంకునకు ఫిర్యాదు చేయవచ్చును. దీనికి సాధారణముగా 120 దినముల గడువుండును. ఫిర్యాదు నెగ్గినచో ధనము వెనుకకు పోవును. సరకు తిరిగి రాదు. వివాదపు రుసుము అదనము. స్వదేశపు కార్డులతో అంతర్జాలమున చెల్లించుటకు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణము సాధారణముగా తప్పనిసరి. అమెరికా కార్డులపై పెక్కు చెల్లింపులు అది లేకయే జరిగిపోవును. దొంగిలించిన కార్డుతో కొన్నచో భారము తఱచుగా వర్తకునిపైననే పడును. త్రీడీ సెక్యూర్ అను ధ్రువీకరణమును పాటించు గేట్‌వే ఈ భారమును కొంత కార్డు నిచ్చిన బ్యాంకుపైకి త్రోయును. పార్సెలు రసీదు, గమన సంఖ్య, చేరినట్లు సంతకము వర్తకుని రక్షణకు సాధనములు.

సుంకము సైతము వివాదమునకు కారణమగును. 800 డాలర్ల లోపు సరకునకు అమెరికా ఇచ్చుచుండిన సుంకపు మినహాయింపు 2025 ఆగస్టు 29 నుండి రద్దయ్యెను; దానివలన భారత తపాలా శాఖ ఆ దేశమునకు పార్సెళ్లను చాలవరకు నిలిపి, అక్టోబరు 15 నుండి సుంకమును ముందుగానే వసూలు చేయు ఏర్పాటుతో పునరుద్ధరించెను. సుంకము ఎవరు భరింతురో వెబ్‌సైటున స్పష్టముగా వ్రాయని దుకాణమునకు, సరకును పుచ్చుకొన నిరాకరించిన కొనుగోలుదారు లుందురు. సొమ్ము తిరిగి ఇచ్చునపుడు గేట్‌వే తాను మొదట తీసిన రుసుమును పెక్కు సందర్భములలో తిరిగి ఈయదు.

ఎన్నిక

పై విషయములను బట్టి ఈ ప్రాంతపు పణ్యములకు వేఱువేఱు మార్గములు తగియుండును. ప్రొద్దుటూరి బంగారు వర్తకుని యుదాహరణము మిక్కిలి విశదమైనది. నగ వెలలో మిక్కిలి భాగము లోహపు వెల. షరాబునకు దక్కునది తరుగు, మజూరీల నుండి మిగులు కొలది భాగమే. కార్డు రుసుము మాత్రము లోహముతో కూడ మొత్తము వెలపై పడును. నూటికి నాలుగు వంతున రుసుము, వట్టములు పోయినచో మజూరీ యంతయు హరించిపోవచ్చును. కావున అధిక మూల్యము గల నగకు బ్యాంకు తంతియే తగినది. బయానాను మాత్రము కార్డుపై తీసికొనవచ్చును. ఎగుమతి నియమములు నగలకు ప్రత్యేకముగా నుండుటచే బ్యాంకును సంప్రదించియే పూనుకొనవలెను.

జమ్మలమడుగు, మైలవరముల చేనేత చీరకు లాభపు పాలు ఎక్కువ, ఒక్కొక్క అమ్మకము చిన్నది, కొనువారు పలువురు. దీనికి కార్డులను, కువైటు కొఱకు కేనెట్‌ను స్వీకరించు గేట్‌వే తగును. శాతముతో పాటు నిర్ణీత రుసుము తక్కువగా నుండుటయు ఇచట ముఖ్యము. గండికోట బసలకు ముందస్తు సొమ్ము తిరిగి ఈయవలసిన సందర్భములు తఱచు గనుక, వాపసు నియమమును మొదట చదువవలెను. కడప బండలును పులివెందుల అరటియు పేటికల లెక్కన పోవు సరకులు. వీనికి పరపతి పత్రము లేదా బ్యాంకు ద్వారా దస్తావేజుల వసూలు పూర్వాచారమే గాని గేట్‌వే కాదు. సాఫ్ట్‌వేరు పనికి, రెండు మూడు సంస్థల నుండి నెలనెలా వచ్చు సొమ్మునకు, కొనువాని దేశపు స్వీకరణ ఖాతా తగును. దాని పర్పస్ కోడు సరిగా వ్రాయబడుచున్నదని మొదటి నెలలోనే చూచుకొనవలెను.

ఒక సంస్థను పరీక్షించుటకు సులభోపాయమొకటి కలదు. ప్రకటనలలోని శాతములను విడిచి, ఒక చిన్న నిజమైన అమ్మకమును ఆ మార్గమున నడిపి, ఆ దినపు బజారు రేటున రావలసిన రూపాయలకును వచ్చిన రూపాయలకును గల భేదమును వ్రాసికొనవలెను. ఆగమన పత్రము ఎన్ని దినములకు వచ్చినదో, దానికి వేఱుగా రుసుము పడినదో లేదో చేర్చుకొనవలెను. రుసుములును నియమములును ఏటేట మారుచుండుటచే, వార్షిక లెక్కలు ముగియునపుడు ఈ పరీక్షను మఱల జరుపుట మంచిది. వంద రూపాయల అమ్మకమునకు ఖాతాలో నికరముగా చేరిన రూపాయలెన్ని, వానికి పత్రము చేత నున్నదా యను రెండు ప్రశ్నలకు వచ్చిన సమాధానములే ఏ సంస్థ చౌకయో తేల్చును.